అడ్మిన్ నిద్రపోతే మేలుకునేదెవరు?

“జీతం లేదు కదా అని జవాబు కూడా ఇవ్వరా అండీ?”

రెండేళ్ల కిందట సెప్టెంబరులో ఓ రాత్రి నా వాట్సాప్‌కి వచ్చిన మెసేజ్ ఇది. వచ్చిన టైమ్ 11:40. నేను చూసింది తెల్లారగట్ల నాలుగున్నరకి. ఈ మధ్యలో ఏం జరిగిందో చెప్పాలంటే ముందు నా ఉద్యోగం గురించి చెప్పాలి. నెలజీతం వచ్చే ఉద్యోగం కాదు, రెండోది. గ్రూప్ అడ్మిన్!

మాది ఏలూరు. నేను డిగ్రీ ఫైనలియర్‌లో ఉండగా మా సీనియర్ అన్న ఒకాయన రక్తదాతల గ్రూప్ మొదలెట్టాడు. ఆయన, నేను, నా క్లాస్‌మేట్ ఒకడు, ముగ్గురం అడ్మిన్లం. మొదట్లో 40 మంది ఉండేవాళ్లు. చూస్తుండగానే 600 దాటారు.

అడ్మిన్ అంటే ఏముందిలే, గుడ్ మార్నింగ్ పువ్వులు డిలీట్ చేయడమే కదా అనుకునేవాణ్ని. అసలు పని వేరే. రిక్వెస్ట్ వస్తే అది నిజమా కాదా చూడాలి. పేషెంట్ ఏ హాస్పిటల్లో ఉన్నారు, ఏ గ్రూప్ రక్తం, ఎన్ని యూనిట్లు, బ్లడ్ బ్యాంక్ స్లిప్ ఉందా అని కనుక్కోవాలి. తర్వాత దాతని వెతకాలి. మగవాళ్లయితే ఇంతకుముందు ఇచ్చి 90 రోజులు, ఆడవాళ్లయితే 120 రోజులు దాటాలి. డెంగీ కేసులో ఒకే దాత నుంచి మెషిన్‌తో ప్లేట్‌లెట్లు తీయాలంటే ఆ మనిషి ఒకటిన్నర, రెండు గంటలు అక్కడే కూర్చోవాలి. ఆ ఓపిక ఉన్నవాళ్లని పట్టుకోవాలి. తీసిన ప్లేట్‌లెట్లు మామూలుగా 5 రోజులకి మించి నిలవుండవు కాబట్టి ముందే తీసి దాచుకుందామన్నా కుదరదు.

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇంకోటుంది. పని అయిపోయాక “అయిపోయింది” అని గ్రూప్‌లో పెట్టడం. ఇది ఎందుకంత ముఖ్యమో ఓ ఫోన్ కాల్ నాకు నేర్పింది. ఎవరో ఫార్వర్డ్ చేసిన “అర్జెంట్ ఓ నెగటివ్” మెసేజ్ చూసి అందులోని నంబర్‌కి చేశాను. అవతల ఓ అమ్మాయి. “మా నాన్న పోయి మూడేళ్లయిందండీ. ఇంకా ఫోన్లు వస్తూనే ఉన్నాయి” అంది. తేదీ లేని మెసేజ్ ఎంత క్రూరమైనదో ఆ రోజు అర్థమైంది.

ఆ రాత్రి

ఆ సెప్టెంబరు రాత్రి మా నాన్నకి గుండెల్లో నొప్పి వచ్చింది. హాస్పిటల్‌కి తీసుకెళ్లి, ఐసీయూ బయట కుర్చీలో కూర్చున్నాను. ఫోన్ సైలెంట్‌లో ఉంది. జేబులో ఉందన్న సంగతి కూడా గుర్తు లేదు.

అదే టైమ్‌లో ఊళ్లోనే ఇంకో హాస్పిటల్లో ఒకాయన కూతురు డెంగీతో ఉంది. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయి. మా గ్రూప్‌లో అప్పట్లో అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా సెట్టింగ్ ఉండేది. ఫార్వర్డ్‌ల గోల పడలేక నేనే పెట్టిన రూలు. దాంతో ఆయన 600 మంది ఉన్న గ్రూప్‌లో ఒక్క ముక్క రాయలేడు. అడ్మిన్లకి విడివిడిగా మెసేజ్ పెట్టాడు. నేను చూడలేదు. క్లాస్‌మేట్‌కి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చాక గ్రూప్ మ్యూట్ చేశాడు. సీనియర్ అన్న నిద్రపోయాడు. పైన చెప్పిన మెసేజ్ అప్పుడు పెట్టాడాయన.

ఒకరు కాదు, ముగ్గురం ఉన్నాం. ముగ్గురిలో ప్రతివాడూ మిగతా ఇద్దరూ చూస్తారులే అనుకున్నాం. నలుగురి అత్త నీళ్లు లేక చచ్చినట్టయింది.

ఆ అమ్మాయిని కాపాడింది మా గ్రూప్ కాదు. ఖమ్మంలో ఇలాంటిదే ఓ గ్రూప్ నడిపే అక్క. పేరు రాయొద్దంది కాబట్టి రాయను. నా ఫోన్‌లో ‘ఖమ్మం అక్క’ అనే ఉంటుంది. సత్తుపల్లి, అశ్వారావుపేట వైపు పేషెంట్లు కొందరు ఖమ్మం వెళ్తారు, కొందరు ఇటు ఏలూరు, విజయవాడ వస్తారు. అలా పరిచయమై, ఆవిడ మా గ్రూప్‌లో, నేను వాళ్ల గ్రూప్‌లో మెంబర్లుగా ఉన్నాం. ఆ తండ్రి ఎవరి ద్వారానో ఆవిడని పట్టుకున్నాడు. ఆవిడ నాకు 11 సార్లు ఫోన్ చేసింది. తర్వాత నా క్లాస్‌మేట్‌ని నిద్ర లేపి, “నన్ను అడ్మిన్ చెయ్, ఇప్పుడే చెయ్” అంది. 12:05కి మా గ్రూప్‌లో ఆవిడ పెట్టిన మొదటి మెసేజ్ పడింది. అర్ధరాత్రి దాటాక కూడా ముగ్గురు దాతలు కదిలారు. వాళ్లలో ఒకరు సరిపోయారు.

పొద్దున్నే మళ్లీ ఫోన్ చేసింది. నేను సారీ చెప్పబోయాను.

“సారీ సంగతి తర్వాత తమ్ముడూ. నాన్నకెట్లుంది? నువ్వు హాస్పిటల్‌ల ఉండు. మీ గ్రూప్ నేను చూసుకుంట” అంది.

తొమ్మిది రోజులు చూసుకుంది. తన ఊరు కాదు, తన మనుషులు కాదు. ఆ తొమ్మిది రోజుల్లో 17 రిక్వెస్టులు వచ్చాయి. నాన్న ఇంటికొచ్చాక లెక్క మొత్తం నా ముందు పెట్టింది. ఎవరు అడిగారు, ఎవరు ఇచ్చారు, ఎవరికి దొరకలేదు, అన్నీ తేదీలతో సహా.

ఆ అమ్మాయి తండ్రికి నేను రాసిన జవాబు మూడు ముక్కలు. “తప్పు మాదేనండీ. అమ్మాయి ఎలా ఉంది?” సాయంత్రానికి రిప్లై వచ్చింది. “పర్లేదు. రాత్రి టెన్షన్‌లో అలా అనేశాను.”

అన్నది మాత్రం నిజమే కదా.

నా తప్పు నేనే రాసుకున్నా

తర్వాతి ఫిబ్రవరిలో నా వంతు వచ్చింది. అక్కకి డెలివరీ టైమ్. ఆవిడ గ్రూప్ ముఖ్యంగా తలసేమియా పిల్లల కోసం. వాళ్లకి మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఒక్కసారి దాత దొరికితే అయిపోయే పని కాదు, క్యాలెండర్ లాంటి పని. 14 మంది పిల్లల తేదీలు, ఎవరికి ఏ దాతలు అలవాటు, ఏ అమ్మకి ఫోన్‌లో చదవడం రాదు కాబట్టి వాయిస్ మెసేజే పెట్టాలి... అన్నీ ఒక షీట్‌లో రాసి నాకు అప్పగించింది.

రెండో వారంలోనే దెబ్బతిన్నాను. ఓ బాబుకి రక్తం కావాలి. రెగ్యులర్ దాత ఊళ్లో లేడు. ఇంకో కుర్రాడికి ఫోన్ చేస్తే “వస్తా అన్నా” అన్నాడు. షీట్ చూడకుండా పంపించాను. బ్లడ్ బ్యాంక్‌లో అడిగితే అతను ఇచ్చి 70 రోజులే అయిందట. వెనక్కి పంపేశారు. బాబు తల్లి పొద్దున్నే బస్సెక్కి వచ్చింది. ఆ రాత్రి హాస్పిటల్ వరండాలోనే పడుకుంది. మర్నాడు మధ్యాహ్నానికి గానీ రక్తం దొరకలేదు.

షీట్‌లో ఆ వరుస దగ్గర ఏం రాయాలా అని కాసేపు ఆగాను. “దాత రాలేదు” అని రాస్తే సరిపోతుంది. ఎవరూ అడగరు. అక్క పసిబిడ్డతో ఉంది, ఎలాగూ చూడదు. వేళ్లు ఆ ముక్క టైప్ చేశాయి కూడా. తర్వాత చెరిపేసి, “నేను గ్యాప్ చూసుకోకుండా పంపాను. ఒక రోజు లేటయింది” అని రాశాను.

నెల తర్వాత అక్క చూసింది. తిట్టలేదు. షీట్‌లో కొత్త కాలమ్ ఒకటి పెట్టింది: ‘మళ్లీ ఎప్పుడు ఇవ్వొచ్చు’. చివరిసారి ఇచ్చిన తేదీ వేస్తే అది దానంతటదే లెక్క కట్టేస్తుంది. నేను అబద్ధం రాసుంటే ఆ కాలమ్ పుట్టేది కాదు. ఇంకో పిల్లాడికి ఇంకో రోజు పోయేది.

వికీపీడియాలో ఈ కాపలా ఎలా ఉంటుంది?

ఈ గోలలో ఉండగానే మా ఫ్రెండ్ ఒకడు వికీపీడియా సంగతి చెప్పాడు. వాడు తెలుగు వికీపీడియాలో రాస్తుంటాడు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీలో ఇప్పుడు లక్షకి పైగా వ్యాసాలున్నాయి. చూసుకునే అడ్మిన్లు మాత్రం చాలా కొద్దిమంది. వాళ్లకీ జీతం లేదు.

వికీపీడియా 300కి పైగా భాషల్లో ఉంది. వాటిలో చాలా వాటికి అడ్మిన్లు ఒకరిద్దరే. కొన్నిటికి ఒక్కరూ లేరు. అర్ధరాత్రి ఎవడో వచ్చి పేజీలు ఖాళీ చేసి బూతులు రాసిపోతే? అందుకోసం ‘గ్లోబల్ సిసాప్’లు, ‘స్టీవార్డు’లు ఉంటారు. వీళ్లూ వాలంటీర్లే. వేరే దేశంలో, వేరే భాష మాట్లాడే మనిషి మెలకువగా ఉండి, తనకి చదవడం రాని భాషలోని పేజీని కాపాడతాడు. పదిమంది కంటే తక్కువ అడ్మిన్లు ఉన్న వికీల్లోను, గత రెండు నెలల్లో పని చేసిన అడ్మిన్లు ముగ్గురు కూడా లేని వికీల్లోను గ్లోబల్ సిసాప్‌లు సాయం చేస్తారు.

నాకు బాగా నచ్చింది వాళ్లకున్న హద్దులు. మంట ఆర్పడం వరకే వాళ్ల పని. ఏ వ్యాసం ఎలా ఉండాలి అన్నది ఆ భాష వాళ్లే తేల్చుకోవాలి. స్టీవార్డుల్ని ఏటా ఎన్నుకుంటారు. కనీసం 80 శాతం మద్దతు రావాలి. ఇప్పటికే ఉన్నవాళ్లని కొనసాగించాలా వద్దా అని కూడా ఏటా అడుగుతారు. స్టీవార్డు తన సొంత వికీలో ఆ అధికారం వాడకుండా తప్పుకుంటాడు. ఎవరి ఇంటి తగువుకి వాళ్లే పెద్దమనిషి కాకూడదని.

ఇంకో రూలు విన్నప్పుడు నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. దొంగ అకౌంట్లు పట్టుకోవడానికి ఐపీ వివరాలు చూసే అధికారం ఒకటుంది, ‘చెక్ యూజర్’ అంటారు. ఏ వికీలోనైనా అది ఇస్తే కనీసం ఇద్దరికి ఇవ్వాలి. ఒకరు చేసేది ఇంకొకరు చూడాలి. ఇద్దరిలో ఒకరు మానేస్తే రెండో మనిషి ఎంత మంచివాడైనా అతని అధికారమూ తీసేస్తారు.

ఇద్దరుంటే ఒకరి పని ఇంకొకరు చేయొచ్చని నాకు తెలుసు. ఒకరిని ఇంకొకరు గమనించాలని కూడా అప్పుడే తెలిసింది.

కాపు కాయడం, కప్పిపుచ్చడం

నిజానికి ఆ మాట వినేసరికే నేను ఓ తప్పు చేసి ఉన్నాను.

ఆ ఏడాది మే నెల. ఎండలు, కాలేజీలకి సెలవులు, దాతలు దొరకని రోజులు. ఓ పేషెంట్ కొడుకు థ్యాంక్స్ చెబుతూ, “మీ అడ్మిన్ గారికి పెట్రోల్ ఖర్చులకి 1,500 పంపాం, అందిందో లేదో కనుక్కోండి” అన్నాడు. గుండె జారింది. మేం ఎవరి దగ్గరా రూపాయి తీసుకోం. మన దేశంలో రక్తానికి డబ్బు తీసుకోవడమే నిషేధం. 1996 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో 1998 జనవరి 1 నుంచి డబ్బు తీసుకుని రక్తమిచ్చే పద్ధతి ఆగిపోయింది. బ్లడ్ బ్యాంక్‌లో కట్టేది ప్రాసెసింగ్ ఛార్జీ, అది వేరు.

ఆ డబ్బు తీసుకుంది మా సీనియర్ అన్న. నా మొదటి రక్తదానానికి తన బండి మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లిన మనిషి. అడిగితే, “ఒక్కసారే రా. చేతిలో ఇబ్బందిగా ఉంది. వదిలెయ్” అన్నాడు. వదిలేశాను. అంతటితో ఆగలేదు. ఆ కుర్రాడికి ఫోన్ చేసి, “పొరపాటున వేరే నంబర్‌కి వెళ్లినట్టుంది” అని చెప్పి నా జేబులోంచి 1,500 పంపాను. అన్నని కాపాడాననుకున్నాను.

మూడు వారాల్లో ఇంకో ఇద్దరు చెప్పారు. ఈసారి 2,500, 3,000. ఆ మూడు వేలు ఇచ్చినావిడ చెవి కమ్మలు తాకట్టు పెట్టిందట. నేను మొదటిసారి నోరు మెదిపి ఉంటే ఆ కమ్మలు ఆవిడ చెవికే ఉండేవి. ఇది నేను ఎన్నిసార్లు తిప్పి తిప్పి చూసుకున్నా మారని లెక్క.

అక్కకి ఫోన్ చేసి మొత్తం చెప్పాను, నేను కప్పెట్టింది కూడా. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: “మీ అన్న సంగతి నువ్వు తేల్చలేవు తమ్ముడూ. నీకు ఆయన మీద ప్రేముంది. నేను, రాజమండ్రి గ్రూప్ అన్న కలిసి మాట్లాడతం. నువ్వు పక్కనుండు, నీ తప్పు నువ్వు చెప్పు.”

మాట్లాడారు. అన్న ఒప్పుకున్నాడు. ముగ్గురి డబ్బూ తిరిగిచ్చాడు. అడ్మిన్‌గా తప్పుకోమంటే మాత్రం, “నేను పెట్టిన గ్రూప్, నన్నెవడు తీసేది?” అన్నాడు. అది నిజమే. వాట్సాప్‌లో గ్రూప్ సృష్టించిన మనిషిని మిగతా అడ్మిన్లు అడ్మిన్‌గా తీయలేరు. ఆయనంతట ఆయన బయటికి వెళ్లాల్సిందే. చివరికి మేమే బయటికొచ్చి కొత్త గ్రూప్ పెట్టాం. ఎందుకో కారణం దాచకుండా రాశాం. నేను కప్పెట్టిన సంగతీ రాశాను. 600 మందిలో 380 మంది వచ్చారు. మిగతా వాళ్లలో కొందరు “మీరు మీరు కొట్టుకుని మమ్మల్ని చంపుతారా” అన్నారు. అన్న ఇప్పటికీ నాతో మాట్లాడడు. బజార్లో ఎదురైతే తల తిప్పుకుంటాడు. బాధగానే ఉంటుంది.

వికీపీడియాలోనూ ఇలాంటివి జరిగాయని మా ఫ్రెండే చెప్పాడు. క్రొయేషియన్ వికీపీడియాని కొందరు అడ్మిన్లు ఒక జట్టుగా పట్టుకుని, ఒకరికొకరు వత్తాసు పలుకుతూ, ఏళ్ల తరబడి చరిత్రని తమకి నచ్చినట్టు వంచారు. ఆ సంగతంతా తేలుస్తూ వికీమీడియా ఫౌండేషన్ 2021లో నివేదిక వెలువరించింది. స్కాట్స్ భాష వికీపీడియాది ఇంకో కథ. ఆ భాష సరిగా రాని ఓ అమెరికన్ కుర్రాడు వేల వ్యాసాలు రాసేశాడు. అడ్మిన్ కూడా అయ్యాడు. అతనిది చెడ్డ ఉద్దేశం కాదు. చూసి చెప్పేవాళ్లు లేకపోయారు. 2020లో గానీ ఈ సంగతి లోకానికి తెలియలేదు. మొదటి చోట అడ్మిన్లు మరీ కలిసిపోయారు, రెండో చోట ఒక్కడే మిగిలిపోయాడు.

కాపు కాయడం, కప్పిపుచ్చడం వినడానికి ఒకలాగే ఉంటాయి. తేడా తెలుసుకోవడానికి నేనిప్పుడు ఒక్కటే చూసుకుంటాను. నేను చేసేది గ్రూప్‌లో అందరికీ చెప్పగలనా? చెప్పగలిగితే కాపు కాస్తున్నట్టు. చెప్పలేకపోతే కప్పెడుతున్నట్టు.

మీ గ్రూప్ సంగతేంటి?

మీది రక్తదాతల గ్రూపే కానక్కర్లేదు. హాస్టల్ గ్రూప్, పోటీ పరీక్షల టెలిగ్రామ్ ఛానెల్, అపార్ట్‌మెంట్ గ్రూప్, ఊరి గ్రూప్... ఏదైనా సరే, ఇది చదివాక ఒకసారి ఓపెన్ చేసి చూడండి.

అడ్మిన్లు ఎంతమంది? ఒక్కరే అయితే ఈ రోజే ఇంకొకర్ని చేయండి. ఉన్న ఒక్క అడ్మిన్ బయటికి వెళ్లిపోతే వాట్సాప్ మెంబర్లలో ఎవరో ఒకర్ని తనే అడ్మిన్ చేసేస్తుంది. అది ఎవరవుతారో మీ చేతిలో ఉండదు.

ఎక్కువమంది ఉంటే, ఈ రాత్రి ఎవరి డ్యూటీ? “అందరం” అనే జవాబు వస్తే ఎవరూ లేనట్టే. మేం ఇప్పుడు డ్యూటీ మారేటప్పుడు నాలుగు లైన్లు రాస్తాం: ఏవి పెండింగ్, ఎవరికి మాట ఇచ్చాం, ఎవరితో జాగ్రత్త, నేను మళ్లీ ఎప్పుడు వస్తా.

బయటి మనిషి ఒకరున్నారా? మీ ఫ్రెండ్స్ కాని, మీ మీద మొహమాటం లేని ఒక్కరు. మాకు ఖమ్మం అక్క, అక్కకి మేము.

కొందరు “ఎవడో ఏదో పోస్ట్ పెడితే అడ్మిన్‌ని జైల్లో వేస్తారట” అని భయపడతారు. గ్రూప్‌లో ఎవరో పెట్టిన పోస్టుకి, కూడబలుక్కుని చేశారని తేలితే తప్ప, అడ్మిన్ అయిన పాపానికే నేరం అంటగట్టలేమని బాంబే హైకోర్టు నాగపూర్ బెంచ్ 2021లో చెప్పింది. కేరళ హైకోర్టు 2022లో ఇంచుమించు అదే మాట అంది. అలాగని చూసీ చూడనట్టు ఉండమని కాదు. భయంతో మాత్రం తప్పుకోకండి.

ఇంకోటి. మీ అడ్మిన్ రెండు రోజులు కనబడకపోతే “ఎక్కడ చచ్చాడు” అనే ముందు, “అన్నా, అంతా ఓకేనా?” అని అడగండి. ఏ ఐసీయూ బయట కూర్చున్నాడో మనకేం తెలుసు.

ఈ కాలమ్ రాస్తున్న రెండు గంటలూ మా గ్రూప్ అక్కే చూస్తోంది. ఇప్పుడే మెసేజ్ వచ్చింది: “అయిందా తమ్ముడూ? బాబు లేచిండు, నేను పోవాలె. పెండింగ్ ఒకటే, బి పాజిటివ్, రెండు యూనిట్లు. ఒక దాత బయల్దేరిండు. రెండో మనిషిని నువ్వు చూడు.”

నేను డ్యూటీ ఎక్కుతున్నా. వచ్చే వారం కలుద్దాం.